జోలపాట మాస్టారి ఎర్ర పెన్ను

మా ఆఫీసులో వీడ్కోలు సంచిక వేసే పని మీదున్న అమ్మాయి మూడుసార్లు నా బల్ల దగ్గరకు వచ్చింది. "అక్కా, మాస్టారి గురించి రెండు పేజీలు రాసివ్వవా? ఆయన దగ్గర పని నేర్చుకున్నది నువ్వే కదా. ఆయన నిజాయితీ గురించి రాస్తే బాగుంటుంది, అందరూ ఇప్పుడు దాని గురించే చెప్పుకుంటున్నారు" అంది. మొదటిసారి పని ఉందన్నాను. రెండోసారి మణికట్టు నొప్పి అన్నాను. మూడోసారి పిల్ల మొహం చూసి జాలేసి, చూద్దాంలే అన్నాను. నిజానికి రాయకూడదనే అనుకున్నాను. మొన్న బుధవారం ఒక సంగతి జరిగింది, అందుకని రాస్తున్నాను. రెండు పేజీల్లో ఇమడదు, ముందే చెబుతున్నాను. తర్వాత కత్తిరించామని నా దగ్గరకు రావద్దు.

మా కంపెనీ ల్యాప్‌టాప్‌లు తయారుచేస్తుంది. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ అన్నిటికన్నా అడుగున ఉండి తెరనీ బ్యాటరీనీ కీబోర్డునీ నడిపించే ప్రోగ్రాము ఒకటుంటుంది. దాన్ని కెర్నల్ అంటారు. మీరు మూత మూస్తే యంత్రం నిద్రపోవడం, తెరిస్తే ఎక్కడ వదిలారో అక్కడినుంచే లేవడం దాని పనే. చెప్పడానికి ఇంతే. కానీ ఆ నిద్ర దగ్గరే యంత్రాలు పేచీ పెడతాయి. కొన్ని ఎంతకీ పడుకోవు, సంచిలో పెడితే సంచంతా కాలిపోతూ ఉంటుంది. కొన్ని చక్కగా పడుకుంటాయి, కానీ లేవవు. ఈ పేచీలు తీర్చే పని ఇరవై రెండేళ్ళుగా ఒకే మనిషిది. అందుకే ఆయనకు జోలపాట మాస్టారని పేరు వచ్చింది. అసలు పేరు ఆయన మెడలోని గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా కనపడదు.

పొట్టి మనిషి. ఎప్పుడూ సగం చేతుల చొక్కా, దాని జేబులో రెండు పెన్నులు. నీలంది రాయడానికి, ఎర్రది చదవడానికి. ఎర్ర పెన్ను లేకుండా ఆయన ఏదీ చదవలేరు. సెలవు చీటీ ఇచ్చినా, క్యాంటీన్ గోడమీద కాగితం అంటించినా, పుట్టినరోజు కార్డు చేతిలో పెట్టినా సరే, లైనుకో టిక్కు పెట్టి, చివర ఒక మాట రాసి, కింద తేదీ వేస్తారు. ఒకసారి మా అమ్మాయి ఆయన బొమ్మ గీసి పంపితే దానికీ టిక్కు పెట్టి, 'చెవులు పెద్దవయ్యాయి, మిగతా సరి' అని రాసి తేదీ వేసి తిప్పి పంపారు. అది ఇంకా మా ఇంట్లో ఉంది. భోజనం అయ్యాక కుర్చీలోనే సరిగ్గా ఇరవై నిమిషాలు పడుకుంటారు. ఎవరూ లేపక్కర్లేదు, గంట మోగక్కర్లేదు, కళ్ళు తెరిచి మధ్యలో ఆపిన వాక్యం పూర్తిచేస్తారు. యంత్రాలకు కూడా ఈ విద్య నేర్పుతున్నారని అందరం నవ్వేవాళ్ళం.

ఇక నా సంగతి. నాది పరీక్షల గది. తెరవడానికి వీల్లేని రెండు కిటికీలు, ఇనప అరల మీద నలభై ల్యాప్‌టాప్‌లు, అన్నిటికీ వేలాడే ఛార్జర్ తీగలు. తొమ్మిదేళ్ళ కిందట జిరాక్స్ షాపు మానేసి ఇక్కడ చేరినప్పుడు నాకిచ్చిన పని ఒక్కటే: మూత మూయి, తెరువు, లేచిందో లేదో రాయి. యంత్రాన్ని దానంతటదే పడుకోబెట్టి లేపే ప్రోగ్రాములు ఉన్నాయి, రాత్రంతా అవి నడుస్తూనే ఉంటాయి. కానీ మనుషులు ప్రోగ్రాముల్లా మూతలు మూయరు. విసురుగా మూస్తారు, సగం మూసి మళ్ళీ తెరుస్తారు. అందుకని చేత్తో వందసార్లు మూసి తెరవనిదే కెర్నల్లో చేసిన ఏ మార్పు మీదా 'పరీక్షించినవారు' అన్న చోట నా పేరు పెట్టనిచ్చేదాన్ని కాదు. ఆఫీసులో నన్ను మూతలమ్మ అంటారు. ఈ సంగతి ఎలాగో మా అత్తయ్య చెవిన పడింది. "రోజంతా ఊళ్ళోవాళ్ళ మూతలు మూస్తావు, మనింట్లో ఒక్క గిన్నె మీద మూత ఉండదు కదే" అంటుంది. నిజమే, ఏం చెప్పను!

నాలుగేళ్ళ కిందట ఒకరోజు మాస్టారు నా గదికి వచ్చి, "అమ్మాయ్, లేవలేదని ఊరికే రాస్తున్నావు. ఎందుకు లేవలేదో తెలుసుకోవాలని లేదూ?" అన్నారు. ఉంది అన్నాను. ఆరోజు నుంచి రోజూ ఆయన కునుకు అయ్యాక అరగంట నాకు పాఠం. మొదటి పాఠం ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"మీ ఇంట్లో ముందెవరు పడుకుంటారు?"

"పిల్ల."

"ఆ తర్వాత?"

"నేను."

"పొద్దున్న ముందెవరు లేవాలి?"

"నేనే లేవాలి. కానీ మా అత్తయ్య లేచి అందర్నీ లేపేస్తుందండీ."

ఆయన కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "సరే, మీ అత్తయ్యనే పెట్టుకో. యంత్రంలోనూ అంతే. చిన్న భాగాలు ముందు పడుకోవాలి, వాటిని మోసే పెద్ద భాగాలు తర్వాత. లేచేటప్పుడు పెద్దవి ముందు, చిన్నవి తర్వాత. పిల్ల ముందు లేచి పిలుస్తుంటే, పెద్దవాళ్ళు ఇంకా నిద్రలో ఉంటే, పిలుపు వినేదెవరు? పిల్ల పిలుస్తూనే ఉంటుంది, ఇల్లంతా అక్కడే ఆగిపోతుంది. తెర నల్లగా ఉండిపోయిందంటే లోపల ఎవరో పిలుస్తున్నారని, ఎవరో వినట్లేదని అర్థం."

రెండో పాఠం మెయిలింగ్ లిస్టు గురించి. కెర్నల్ మార్పులన్నీ అందరూ చూసే ఒక లిస్టుకు మెయిల్‌గా పంపాలి. "గదిలో చెప్పింది గాలికి పోతుంది అమ్మాయ్. లిస్టులో పడింది ఎప్పటికీ ఉంటుంది. నాతో చెప్పాలనిపించినా ముందు అక్కడ చెప్పు" అనేవారు. ప్రతి మార్పు కింద కొన్ని లైన్లుంటాయి. రాసింది ఎవరు, చూసింది ఎవరు, పరీక్షించింది ఎవరు. అది ఏదైనా తప్పును సరిచేసే మార్పు అయితే ఇంకో లైను కూడా ఉంటుంది: ఆ తప్పు ఏ పాత మార్పు వల్ల వచ్చింది అని. మేం దాన్ని కారణం లైను అనేవాళ్ళం. మార్పు ఒకసారి కెర్నల్ లోపలికి వెళ్ళాక ఆ లైన్లు ఎవరూ చెరపలేరు, ఆయనతో సహా.

పోయినేడాది నేను నా మొదటి మార్పు రాశాను. రెండంటే రెండు లైన్లు. నిద్రలేచాక తెర వెలుతురు మనం పెట్టుకున్నంతే ఉండాలి, తటాలున ఎక్కువై కళ్ళు పోకూడదు, అంతే దాని పని. మాస్టారు ఎర్ర టిక్కులు పెట్టి పెట్టి ఏడుసార్లు తిప్పి పంపారు. ఎనిమిదోసారి ఒప్పుకున్నారు. అది లోపలికి వెళ్ళినరోజు ఆయనే ఆ పేజీ అచ్చు తీసి తెచ్చిచ్చారు. రాసినవారు అన్న చోట నా పేరు. దాన్ని మా బీరువా తలుపు లోపలివైపు అంటించాను. చీర తీసినప్పుడల్లా చూసుకునేదాన్ని, నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ తర్వాత కోడ్ రాసే గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. నేను దరఖాస్తు పెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళు మూతలు మూసిన మనిషి అక్కడ కూర్చోవడం మా ఆఫీసులో ఎన్నడూ లేదు. మా విభాగం చూసే పెద్దమేడం పిలిచి, సోమవారం ఇంటర్వ్యూ అని చెప్పింది.

అదే రోజుల్లో ఒక ఫిర్యాదు వచ్చింది. పడవల రేవులో టిక్కెట్లిచ్చే ఆవిడ రాసింది. మూడు పేజీల ఉత్తరం. అందులో సగం ఆవిడ మరిది మీద చాడీలే. మిగతా సగంలో సంగతి ఇదీ: పొద్దున్న ఇంట్లో మూత మూసి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటుంది, రేవులో తెరిచేసరికి నల్ల తెర. ఎదురుగా వందమంది వరసలో ఉంటారు. వాళ్ళ తిట్లు తింటూ యంత్రం ఆపి మళ్ళీ పెట్టేసరికి పడవ వెళ్ళిపోతుంది. వారానికి రెండుసార్లయినా ఇలా జరుగుతోంది. ఇలాంటివే మరో పాతిక ఫిర్యాదులు కూడా ఉన్నాయి. మాస్టారు మూడు రోజులు కూర్చుని, గురువారం ఒక మార్పు పంపారు. నేను మామూలుగా లిస్టు తెరిచాను. చదివాను. మళ్ళీ చదివాను.

కారణం లైనులో ఉన్నది నా మార్పు. నా రెండు లైన్లు. వాటిని వెనక్కి తీసేస్తే జబ్బు నయమవుతుందని ఆయన రాశారు, తీసేశారు కూడా. రాసినవారు అన్న చోట నా పేరు ఎంత స్పష్టంగా ఉండేదో, తప్పు చేసినవారిగా అంత స్పష్టంగా ఉంది. పక్క గదిలోనే కదా ఉన్నారు, ఒక్కమాట ముందు చెబితే ఏం పోయేది! పరుగెత్తుకుంటూ వెళ్ళి అడిగాను.

"తెర నల్లగా ఉంటోంది, నువ్వు ముట్టుకున్నదీ తెరనే. అప్పుడప్పుడూ అందరికీ జరిగేదే అమ్మాయ్, మనసులో పెట్టుకోకు" అన్నారు.

నేనే తప్పు చేశాననుకున్నాను. ఆయన అన్నాక ఇంకేముంది? ఇంటికి వెళ్ళి బీరువా తలుపు తెరిచి ఆ కాగితం పీకేయబోతే, మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన లిఫ్టు మెకానిక్. "పరీక్ష చేశావా?" అన్నారు. లేదు, మాస్టారు చెప్పారు అన్నాను. "ఎవరు చెబితే ఏంటి? లిఫ్టు ఆగితే లోపలున్నవాడు అరుస్తాడు కాబట్టి మాకు తెలుస్తుంది. మీ మెషిన్లు అరవవు. నువ్వే చూడాలి" అన్నారు. నిజమే కదా! చేత్తో వందసార్లు చూడనిదే ఎవరి మాటా నమ్మని మూతలమ్మ, తన దగ్గరికొచ్చేసరికి చూడకుండానే తలొంచేసింది. శుక్రవారం పెద్దమేడం కబురు పంపింది. ఈ గొడవ తేలేదాకా సోమవారం ఇంటర్వ్యూ లేదట.

నేను టిక్కెట్టావిడ ఉత్తరం మళ్ళీ మొదటినుంచీ చదివాను, మరిది చాడీలతో సహా. ఆ చాడీల్లోనే ఉంది అసలు సంగతి. మూత మూసి ఛార్జింగు పెట్టుకున్న ల్యాప్‌టాప్ నుంచి ఆ మరిది తన ఫోను కోసం ఛార్జర్ పీక్కుపోతాడట, రోజూ ఇదే రగడ. అంటే యంత్రం పడుకున్నప్పుడు ఛార్జర్ ఉంది, లేచేసరికి లేదు. మా రాత్రి ప్రోగ్రాములు ఛార్జర్ పీకవు, వాటికి చేతులెక్కడివి? నేను మూత మూసి, పన్నెండు లెక్కపెట్టి, ఛార్జర్ పీకి, మూత తెరిచాను. పంతొమ్మిదోసారికి నల్ల తెర వచ్చింది. నా రెండు లైన్లు తీసేసిన యంత్రంలోనే వచ్చింది. అంటే జబ్బు నాది కాదు! కుర్చీలోంచి లేచి గదంతా రెండుసార్లు తిరిగాను.

మరి ఎవరిది? దానికి మాలో ఒక పద్ధతి ఉంది, సగాలు చేయడం. మూడేళ్ళలో కెర్నల్లో మేం చూసే భాగంలో రెండు వేలకు కాస్త తక్కువ మార్పులు జరిగాయి. సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని పెట్టి పరీక్షించాలి. జబ్బు కనపడితే తప్పు అంతకుముందే వచ్చింది, కనపడకపోతే ఆ తర్వాత వచ్చింది. అలా సగం పారేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేయాలి. పదకొండుసార్లు చేస్తే ఒక్క మార్పు మిగులుతుంది. ఒక్కో మెట్టుకీ వందసార్లు మూత, వందసార్లు ఛార్జర్. నా మామూలు పని చేసుకుంటూ, భోజనం బల్ల దగ్గరే తింటూ పదహారు రోజులు చేశాను. మణికట్టుకు పట్టీ వేసుకున్నాను. మా అమ్మాయి ఇంట్లో గిన్నెలు అందిస్తూ "అమ్మా, నువ్వు మూయకు, నేను మూస్తా" అని ఏడిపించేది. ప్రతి మెట్టూ ఒక రూళ్ళ నోట్‌బుక్కులో రాసుకున్నాను, ఎన్నోసారికి పడిందో, ఏ యంత్రంలో పడిందో అన్నీ.

తొమ్మిదో మెట్టు దగ్గర నాలుగే మార్పులు మిగిలాయి. అందులో ఒకటి చూడగానే పెన్ను కింద పెట్టేశాను. మూడేళ్ళ కిందటి మాస్టారి మార్పు. వరసగా లేవడం దేనికి, భాగాలన్నీ ఒక్కసారే లేస్తే సరిపోతుంది కదా అని ఆయన రాసినది. దాంతో యంత్రం లేచే సమయం సగానికి సగం తగ్గింది. ఆ ఏడాది కంపెనీ ఆయనకు ఒక గాజు జ్ఞాపిక ఇచ్చింది, ఆయన దాన్ని బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటారు. అది కాకూడదు దేవుడా అనుకుంటూ మూతలు మూశాను. పదకొండో మెట్టు రెండుసార్లు చేశాను, రెండు వందలు. అదే.

ఆయన నాకు చెప్పిన మొదటి పాఠమే అక్కడ తప్పింది. ఛార్జర్ పోయిందని బ్యాటరీ చిప్పు లేవగానే పిలుస్తోంది. ఆ పిలుపు మోసే పెద్దది ఇంకా లేవలేదు. చిప్పు పిలుస్తూ ఉండిపోతుంది, దాని వెనక తెర కాచుకుని ఉంటుంది. సరిచేయడం కూడా తెలిసింది. ఆ ఒక్క చిప్పును మాత్రం వరసలో నిలబెడితే చాలు, మూడు లైన్లు. నోట్‌బుక్కు ఆఖరి పేజీలో అవీ రాశాను.

ఇప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే, లిస్టుకు పంపడం. అది ఆయనే నేర్పారు. కానీ పంపలేకపోయాను. రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి, నాకు అక్షరం నేర్పిన మనిషి, పదిమందిలో ఆయన తప్పు నా చేత్తో పెట్టడమా? ముందు ఆయనకు చూపిస్తే ఆయనే, 'పంపు అమ్మాయ్' అంటారనుకున్నాను. నోట్‌బుక్కు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. నకలు తీసుకోలేదు, ఫోటో తీసుకోలేదు. తొమ్మిదేళ్ళలో నేను చేసిన తెలివితక్కువ పని అదొక్కటే, అది చాలింది.

ఆయన మొదటి పేజీ చూసి, "ఇది ఉంచు, నిదానంగా చదువుతాను" అన్నారు. అలాగే అన్నాను. తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు లిస్టులో ఒక మార్పు వచ్చింది. రాసినవారు, మాస్టారు. ఆ మూడు లైన్లు అచ్చం నావే, మధ్యలో నేను పెట్టిన వివరణతో సహా. కారణం లైనులో ఆయన తన మూడేళ్ళ కిందటి మార్పునే పెట్టుకున్నారు. పైన ఒక పేరా: 'ఈ తప్పు నాదే. పొరపాటున ఇంకొకరి మార్పును అనుమానించాను, దాన్ని తిరిగి పెడుతున్నాను. ఇన్నాళ్ళు ఇబ్బందిపడిన అందరికీ నా క్షమాపణ.' అన్నిటికన్నా అడుగున, పరీక్షించినవారు అని నా పేరు.

ఇక చూడాలి పొగడ్తలు! ఎక్కడెక్కడివాళ్ళో రాశారు. ఇంత పెద్దమనిషి తన తప్పు తనే వెతికి పట్టుకుని ఒప్పుకోవడం ఎక్కడైనా చూశామా అని. మా ఆఫీసులో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టిక్కెట్టావిడ కూడా ఆయన పేరు మీద రెండు పేజీల ఉత్తరం రాసింది, ఈసారి మరిదిని కూడా మెచ్చుకుంది. నేను తిన్నగా ఆయన బల్ల దగ్గరకు వెళ్ళాను.

"మాస్టారూ, ఇందులో నేనెక్కడున్నాను?"

"ఉన్నావుగా అమ్మాయ్, కింద. పరీక్షించింది నువ్వేనని రాశాను."

"పట్టుకుంది నేను. ఆ మూడు లైన్లు రాసింది నేను."

"తప్పు నాది కదమ్మా. నా తప్పు నేను దిద్దుకుంటే మర్యాదగా ఉంటుంది. నువ్వు పట్టుకున్నావంటే, ముందు నీమీదకెందుకు తోశానని నన్నడుగుతారు."

"అడగనివ్వండి. నేనూ అదే అడుగుతున్నా. అప్పుడు మీకు తెలుసా, తెలీదా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. "అనుమానం ఉండింది" అన్నారు.

"అనుమానం ఉండి నా పేరు రాశారా?"

"నీది రెండు లైన్ల చిన్న మార్పు. నీదైతే ఎవరూ పెద్దగా పట్టించుకోరనుకున్నాను."

అరిచి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే బాగుండేది. ఎంత మెత్తగా అన్నారంటే నిజంగానే నన్ను ఓదారుస్తున్నట్టు అన్నారు. నా పేరు అంత చవగ్గా కనపడింది ఆయనకు. ఏడు ఎర్ర కాగితాలు తిప్పి పంపి, ఎనిమిదోసారి ఒప్పుకున్న మనిషికి! నోట్‌బుక్కు ఇవ్వండి అన్నాను. "ఎక్కడో పెట్టానమ్మా, వెతికిస్తాను" అన్నారు.

పెద్దమేడం ఇంటర్వ్యూకి పిలిచింది. "నీ మార్పు మీద మచ్చ పోయింది, సంతోషం" అంది. "కానీ ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళకి తప్పెక్కడుందో పట్టుకునే నేర్పు కావాలి. మాస్టార్ని చూడు, తన తప్పు తనే ఎలా పట్టుకున్నారో."

"అది పట్టుకున్నది నేనండీ" అన్నాను.

"లిస్టులో పెట్టావా?"

"లేదండీ. ఆయనకు చూపించాను."

"మెయిల్ ఏమైనా?"

"నోట్‌బుక్కులో రాసిచ్చాను. అది ఆయన దగ్గరుంది."

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "ఆయన్ని అడిగాం. నువ్వు చాలా సాయం చేశావని చెప్పారు" అంది. సాయం! ఆ తర్వాత ఆయన నా గురించి రాసిచ్చిన కాగితం చదివి వినిపించింది. ఇంత ఓపికగల చెయ్యి కంపెనీలో మరొకటి లేదట, పరీక్షల గదిలోంచి నన్ను తీస్తే ఆ గది నడవదట. పొగిడి పొగిడి నన్ను ఆ గదిలోనే పెట్టి మూత వేశారు. మళ్ళీ పదహారు రోజులు చేసి అంతా చూపించగలను, కానీ ముందు ఎవరు చేశారో మూతలు చెప్పవు కదా. కుర్చీ ఇంకొకరికి వెళ్ళిపోయింది. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు.

ఇక మొన్న బుధవారం. మధ్యాహ్నం మాస్టారు నా గదికి వచ్చారు. చేతిలో నా నోట్‌బుక్కు. "బల్ల సర్దుతుంటే దొరికింది అమ్మాయ్" అని నా పక్కన పెట్టారు.

"థాంక్యూ సార్" అన్నాను.

నాలుగేళ్ళలో నేనాయన్ని సార్ అనలేదు. ఆయన అక్కడే నిలబడ్డారు. "సార్ ఏంటి కొత్తగా?" అన్నారు. నేను మూత మూసి, పన్నెండు లెక్కపెట్టి, ఛార్జర్ పీకి, తెరిచి, "నలభై మూడు" అన్నాను. ఆయన వెళ్ళిపోయారు. తలుపు నెమ్మదిగా వేసుకుని వెళ్ళారు, ఎప్పుడూ వేయరు.

నూరు పూర్తిచేశాకే నోట్‌బుక్కు తెరిచాను. ప్రతి లైనుకీ ఎర్ర టిక్కు. ఆరో మెట్టు దగ్గర నేను చేసిన కూడిక తప్పుకు సున్నా చుట్టి దిద్దారు. ఆఖరి పేజీలో ఆ మూడు లైన్ల కింద ఆయన గుండ్రటి చేతిరాత: 'పదకొండు మెట్లూ సరి. తప్పు నాది. అమ్మాయి రాసిన పద్ధతి నేను రాయగలిగిన దానికన్నా బాగుంది.' కింద సంతకం, తేదీ. ఆ తేదీ నేను నోట్‌బుక్కు ఇచ్చిన మర్నాటిది. అంటే అన్నీ ఒక్కరోజులో తేల్చుకున్నారు. మిగతా ఎనిమిది రోజులూ దేనికో ఆలోచించుకోండి.

ఇంటికి తీసుకెళ్ళి మా ఆయనకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "ఇది రాసిన సంగతి మర్చిపోయి ఇచ్చాడంటావా? పాపం, నోటితో చెప్పలేక కావాలనే తెచ్చిచ్చాడేమో" అన్నారు. పాపమా! నాకు ఒళ్ళు మండిపోయింది. వందమంది చూసేచోట ఒక అబద్ధం రాసి, ఎవరూ చూడనిచోట నిజం రాసి, ఆ నిజాన్ని కూడా నా చేతికే ఇచ్చి, ఇక నీ ఇష్టం అని తలుపేసుకుని వెళ్ళిపోవడానికి పాపం అని పేరా? అత్తయ్య అంతా విని, నోట్‌బుక్కు నా చేతిలోంచి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చింది. ఒక్క మాట అనలేదు. ఆవిడ మాట అనకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. అప్పుడు ఏడుపొచ్చింది. నాకు పోయింది కుర్చీ ఒక్కటే అయితే ఇంత ఏడ్చేదాన్ని కాదు, రోజూ ఆ అరగంట కూడా పోయింది.

ఇవాళ పొద్దున్నే ఆ ఆఖరి పేజీ ఫోటో తీసి, పదకొండు మెట్లూ టైపు చేసి, లిస్టుకు పంపాను. ఈసారి ముందుగా ఎవరికీ చూపించలేదు. నాకు నేర్పిన పాఠం ఇదే కదా సార్, కాస్త ఆలస్యంగా ఒంటబట్టింది. కుర్చీ తిరిగొస్తుందో రాదో తెలియదు. లైన్లు చెరపలేరు కాబట్టి పాతవీ ఉంటాయి, ఇదీ ఉంటుంది.

సంచిక అమ్మాయీ, నువ్వు ఆయన నిజాయితీ గురించి రాయమన్నావు. ఆయన నిజాయితీ అంతా ఆ ఒక్క పేజీలో ఉంది. ఫోటో నీకూ పంపుతున్నాను. నేను రాసింది వేస్తే వెయ్యి, లేకపోతే మానెయ్యి, అది మాత్రం తప్పకుండా వెయ్యి. రంగుల్లో వెయ్యి. నలుపు తెలుపులో వేస్తే ఎర్ర సిరా అని తెలియదు.